అలిగిన పిల్లలను కలపడానికి ఏ దారి మేలు? బడిలో, ఇంట్లో ఎంచుకోదగిన పద్ధతుల పోలిక

కొన్నేళ్ల కిందట నేను క్లాస్ టీచరుగా ఉన్న ఏడో తరగతిలో ఇద్దరు అబ్బాయిలు భోజన విరామంలో కొట్టుకున్నారు. మర్నాడు ఉదయం ప్రార్థన ముగియగానే వాళ్లిద్దరినీ మెట్ల మీదికి పిలిచి, బడి పిల్లలందరూ చూస్తుండగా ఒకరికొకరు సారీ చెప్పించి, చేతులు కలిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ సంతోషించాను. వాళ్లలో ఒకడు మాత్రం అవతలి వాడి వేళ్ల కొసలను అంటీ అంటనట్టు తాకి, వెంటనే తన అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. అది నా కంటపడింది గానీ, దాని అర్థం అప్పుడు నాకు తలకెక్కలేదు. వార్షిక పరీక్షలు ముగిసేదాకా వాళ్లు మాట్లాడుకోలేదు. పైగా ఆ రోజు నుంచి, అంతవరకు ఏ పక్షమూ లేని మరో ఆరుగురు అబ్బాయిలు కూడా చెరో వైపు చేరిపోయారు.

హైదరాబాద్ బడులలో ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నది ఈ పద్ధతే. అందరికీ తెలిసినది, అయిదు నిమిషాలలో ముగిసేది, చూసేవాళ్లకు న్యాయం జరిగినట్టు కనిపించేది కాబట్టి దానికి అంత ఆదరణ. ఇతర పద్ధతులు లేక కాదు. ఏ తగవుకు ఏ పద్ధతి నప్పుతుందో పోల్చి చూసుకునే తీరిక మనకు దొరకక. ఆ పోలికను ఉపాధ్యాయుల కోసం, తల్లిదండ్రుల కోసం ఇక్కడ చేస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసిన రెండు విషయాలు

మొదటిది, మనం ఏమి ఆశిస్తున్నామన్నది. పిల్లలు మళ్లీ ప్రాణస్నేహితులు కావాలన్నది పెద్దల కోరికే తప్ప, చాలా సందర్భాలలో పిల్లల కోరిక కాదు. ఒకే గదిలో బెరుకు లేకుండా కూర్చోగలగడం, ప్రయోగశాలలో ఒకే బల్ల దగ్గర పని పంచుకోగలగడం, ఒకరి వెనుక ఒకరు చాడీలు చెప్పకుండా ఉండగలగడం, ఇంతవరకు సాధిస్తే చాలునని నా అభిప్రాయం. స్నేహం తిరిగి చిగురించడం, చిగురించకపోవడం వాళ్ల సొంత వ్యవహారం. లక్ష్యాన్ని ఇలా తగ్గించుకున్న ఉపాధ్యాయులు పిల్లల మీద ఒత్తిడి తేరు. ఒత్తిడి లేనిచోట పిల్లలు తామే ఒక అడుగు ముందుకు వేయడం నేను ఎన్నోసార్లు చూశాను.

రెండోది, ఇది తగవా, వేధింపా అన్నది. ఈ తేడా పట్టుకోకపోతే తక్కిన ఎంపికలన్నీ తప్పుతాయి. బడులలో వేధింపుల మీద 1970ల నుంచి స్వీడన్‌లో, నార్వేలో పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ దానికి మూడు గుర్తులు చెప్పారు: కావాలని చేయడం, పదే పదే చేయడం, ఎదుటివాళ్లు తిప్పికొట్టలేని స్థితిలో ఉండటం. ఇద్దరూ సమానంగా అరుచుకుని, సమానంగా ఏడ్చి, సమానంగా అలిగితే అది తగవు. ఒకరు నవ్వుతూ, మరొకరు ప్రతి సోమవారం ఉదయం కడుపునొప్పి అంటూ ఉంటే అది తగవు కాదు. టిఫిన్ బాక్సు తెరవకుండానే ఇంటికి తిరిగి రావడం, వ్యాన్ మార్చమని కారణం చెప్పకుండా అడగడం, విరామ సమయంలో మైదానానికి పోకుండా లైబ్రరీ చుట్టూనో స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరో తచ్చాడటం గమనిస్తే, రాజీ మాట పక్కన పెట్టి రక్షణ సంగతి ముందు చూడాలి. వేధించినవాళ్లను, వేధింపుకు గురైనవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఇద్దరూ సర్దుకుపోండి" అనడమంటే, దెబ్బ తిన్నవాళ్లను బేరమాడమని అడగడమే.

వేచి చూడటం, వెంటనే తీర్పు చెప్పడం

ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కొసలు. అయినా రెండింటికీ ఖర్చు తక్కువ కాబట్టి జంటగా పోల్చడం తేలిక.

ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు వేచి చూడటాన్ని మించిన మందు అరుదు. చిటికెన వేలు చూపించి కటీఫ్ చెప్పుకున్న పిల్లలు, పెద్దలు ఆ సంగతి తెలుసుకుని విచారణ మొదలుపెట్టే లోపే దోస్తీ చేసుకుని ఒకే సీసాలో నీళ్లు తాగుతుంటారు. అయితే వేచి చూడటానికి ఒక గడువు ఉండాలి. చిన్న తరగతులలో రెండు రోజులు, ఆరో తరగతి దాటినవాళ్ల విషయంలో మహా అయితే నాలుగు రోజులు నేను పెట్టుకున్న లెక్క. పెద్ద తరగతుల పిల్లలు అలిగినప్పుడు ఒంటరిగా అలగరు, మద్దతు కూడగట్టుకుంటారు. "నువ్వు తనతో మాట్లాడితే నాతో మాట్లాడకు" అన్న షరతు పుట్టిందంటే వేచి చూసే కాలం అయిపోయినట్టే. అక్కడి నుంచి అది చిలికి చిలికి గాలివాన అవుతుంది.

అక్కడికక్కడే తీర్పు చెప్పడం ఒక్క సందర్భంలో తప్పనిసరి: చేతులు లేచినప్పుడు. అప్పుడు విడదీయాలి, దెబ్బలు చూడాలి, "బడిలో కొట్టుకోవడం కుదరదు" అని గట్టిగా చెప్పాలి. అంతకు మించి ఆ నిమిషంలో ఏ తీర్పూ నిలవదు. మనకు కనిపించేది ఎప్పుడూ చివరి దెబ్బే. మొదటి మాట ఎవరికీ కనిపించదు. చివరి దెబ్బ కొట్టినవాళ్లకు శిక్ష పడి, మొదటి మాట అన్నవాళ్లు తప్పించుకుంటే, ఆ అన్యాయం కొత్త తగవుకు విత్తనమవుతుంది. శిక్షల విషయంలో ఇంకొక మాట చెప్పక తప్పదు. గోడకుర్చీ వేయించడం, గుంజీలు తీయించడం, పదిమందిలో అవమానించడం పాత అలవాట్లే అయినా, విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇద్దరికీ కలిపి గోడకుర్చీ వేయిస్తే ఒకటవుతారని వాదించే సహోద్యోగులు నాకున్నారు. ఒకటవుతారన్నది నిజమే, మన మీద కోపంతో.

సారీ చెప్పించడం గురించి కొంచెం ఆగి మాట్లాడాలి

మన పిల్లలకు సారీ అన్నది తుమ్మినంత తేలిక. కాలు తగిలితే సారీ, పెన్సిల్ పడితే సారీ, హోంవర్క్ చేయకపోతే సారీ. కాబట్టి తగవు తర్వాత చెప్పించే సారీకి బరువు ఉండదు. "నాదే తప్పు" అని చెప్పమనండి, గొంతు పెగలదు. బరువంతా ఆ రెండు మాటలలో ఉంది. కనుక క్షమాపణ కావాలనుకుంటే అందులో మూడు విషయాలు ఉండాలని పిల్లలకు ముందే చెప్పడం మంచిది: నేను ఫలానా పని చేశాను, దానివల్ల నీకు ఫలానా బాధ కలిగింది, దాన్ని సరిచేయడానికి ఫలానాది చేస్తాను. ఇందులో "కానీ" అన్న మాట వచ్చిందా, అది క్షమాపణ కాదు, సంజాయిషీ. ఈ మూడూ నోటితో చెప్పలేని పిల్లలు చీటీ రాసి ఇవ్వవచ్చు. చీటీ తీసుకున్నవాళ్లు వెంటనే జవాబు ఇవ్వనవసరం లేదన్న నియమం కూడా పెట్టాలి. క్షమించి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు. అందరి ముందు చెప్పించిన సారీ ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఇవ్వదు కాబట్టే, ఈ పోలికలో నేను దాన్ని చిట్టచివర నిలబెడుతున్నాను.

విడివిడిగా మాట్లాడటం

ఒకే ఒక్క పద్ధతి ఎంచుకోమని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. స్వీడన్‌కు చెందిన అనతోల్ పీకస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక క్రమాన్ని రూపొందించారు: సంబంధం ఉన్న ప్రతి విద్యార్థితో ముందు ఒంటరిగా, నింద మోపకుండా మాట్లాడటం, పరిస్థితిని బాగు చేయడానికి తాను ఏమి చేయగలడో వాళ్ల నోటనే చెప్పించడం, ఆ తర్వాతే అందరినీ కలపడం. ఆయన దాన్ని గుంపుగా వేధించే సందర్భాల కోసం రూపొందించినా, అందులోని క్రమం మామూలు తగవులకూ చక్కగా పనికివస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎనిమిదో తరగతిలో ఇద్దరు అమ్మాయిలు ఎఫ్ఏ-2 పరీక్షలకు ముందు వారం మాటలు మానేశారు. ఒకరు నగరంలోనే పుట్టి పెరిగినవారు. ఇంకొకరు ఆ ఏడాదే మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి వచ్చి చేరినవారు. బయటికి తెలిసిన కారణం సైన్సు రికార్డు పుస్తకం: పల్లె నుంచి వచ్చిన అమ్మాయి తీసుకుని సకాలంలో తిరిగి ఇవ్వలేదు, నగరం అమ్మాయికి టీచరు చేత చీవాట్లు పడ్డాయి. వ్యవహారం ఇంతేనని నేను అనుకున్నాను. లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చోబెట్టి, "ఎందుకు ఇవ్వలేదు?" అనకుండా "ఏం జరిగింది?" అని అడిగితే, ఆ పిల్ల చాలాసేపు నీళ్ల సీసా మీది కాగితాన్ని గోటితో ఒలుస్తూ కూర్చుని, చివరికి ఇలా అంది: "పుస్తకం సంగతి కాదు మేడం. నేనేదన్న మాట్లాడితే చాలు, గదే మాట మళ్ల అంటది. అందరు నవ్వుతరు. అందుకే ఇయ్యబుద్ధి కాలే."

రెండో అమ్మాయిని అదే ప్రశ్న అడిగితే, తాను యాసను అనుకరించిన సంగతి ఆమెకు గుర్తులేదు. అది సరదాగా అన్న మాట అనుకుందే తప్ప, వేళాకోళమని అనుకోలేదు. ఆమె బాధ వేరు: కొత్తగా వచ్చిన అమ్మాయికి తరగతిలో దారి చూపించింది తానే, తన బెంచీలో చోటిచ్చింది తానే, అలాంటిది తన పుస్తకాన్నే దాచిపెట్టిందని. వాళ్లను మొదటి రోజే ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉంటే, మేము ముగ్గురం రికార్డు పుస్తకం మీద అరగంట వాదించుకుని, పుస్తకం తిరిగి ఇప్పించుకుని, సమస్య తీరిందనుకుని లేచి ఉండేవాళ్లం.

ఈ పద్ధతికి ఒక్కొక్కరితో పది పదిహేను నిమిషాలు పడుతుంది. చోటు ఎంపిక సమయం కంటే ముఖ్యం. స్టాఫ్ రూమ్ అస్సలు పనికిరాదు, టీ తాగడానికి వచ్చిన ప్రతివారూ "ఏం చేసిందమ్మా ఈ పిల్ల?" అని అడిగి పోతారు. నలుగురికీ కనిపించేలా, కానీ మాట ఎవరికీ వినిపించకుండా ఉండే వరండా చివరో, లైబ్రరీ మూలో కావాలి. భాష గురించి కూడా చెప్పాలి. మాట్లాడితే ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం ఉన్న బడులలో పిల్లలు తమ గోడును ఇంగ్లీషులో చెప్పబోయి "హీ ఈజ్ ఎ బ్యాడ్ బాయ్ మేడం" దగ్గర ఆగిపోతారు. ఏడుపు వచ్చే మాటలు ఇంటి భాషలోనే వస్తాయి. అది తెలుగైనా, ఉర్దూ అయినా, హిందీ అయినా, మార్వాడీ అయినా ఆ పది నిమిషాలు నియమాన్ని పక్కన పెట్టాలి. మనకు ఆ భాష రాకపోతే వచ్చిన ఉపాధ్యాయులకు పని అప్పగించాలి.

ఎదురెదురుగా కూర్చోబెట్టడం

విడివిడిగా మాట్లాడాక, ఇద్దరూ ఒప్పుకుంటేనే దీనికి వెళ్లాలి. ఒక్కరు వద్దన్నా ఆపాలి. దీనివల్ల వచ్చే లాభం ఏ ఇతర పద్ధతిలోనూ రాదు: అవతలి వాళ్లకు తన మాట ఎలా తగిలిందో చెవులారా వినడం. ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండో వారు అడ్డు రాకుండా విని, విన్నదాన్ని తన మాటలలో తిరిగి చెప్పాలన్న ఒక్క నియమం చాలు. "నువ్వు ఎప్పుడూ ఇంతే" అన్న వాక్యం వస్తే, "ఏ రోజు, ఏ పీరియడ్‌లో?" అని అడిగి దాన్ని ఒక సంఘటనకు కుదించాలి. పావుగంటకు మించకూడదు. పై ఇద్దరు అమ్మాయిల మధ్య ఇది పన్నెండు నిమిషాలలో ముగిసింది, అందులో నాలుగు నిమిషాలు మౌనమే.

ఎప్పుడు చేయాలన్న ప్రశ్నకు నా సమాధానం: తగవు జరిగిన రోజు చేయకూడదు, పరీక్ష రోజున చేయకూడదు, ఆఖరి పీరియడ్‌లో అసలే చేయకూడదు. ఆఖరి పీరియడ్‌లో మొదలుపెట్టిన మాట సగంలో ఉండగానే గంట కొడితే, ఆ మిగిలిన సగాన్ని పిల్లలు వ్యాన్‌లో తమకు తోచినట్టు పూర్తి చేసుకుంటారు.

తోటి పిల్లల రాయబారం

అమెరికాలో 1980ల నుంచి చాలా బడులు శిక్షణ ఇచ్చిన విద్యార్థుల చేత తోటివాళ్ల తగవులు సర్దిచెప్పిస్తున్నాయి. మనకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రాయబారం అన్న మాట తెలియని తెలుగువాళ్లు ఉండరు. రాయబారికి తీర్పు చెప్పే అధికారం లేదు, అవతలి పక్షం వినకపోతే బలవంతం చేసే అధికారమూ లేదు. కురుసభలో కృష్ణుడంతటివాడికే పని జరగలేదన్నది పిల్లలకు ముందే గుర్తు చేస్తే, రాజీ కుదరనప్పుడు తమదే తప్పని బాధపడరు.

దీని బలం ఏమిటంటే, పెద్దల చెవిన పడని సంగతులు తోటి పిల్లలకు తెలుస్తాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు అయిదు, ఆరు తరగతుల వాళ్లకు రాయబారులుగా బాగా పనిచేస్తారు. సొంత తరగతిలో అంత బాగా చేయలేరు, ఎందుకంటే వాళ్లకూ అక్కడ ఏదో ఒక పక్షం ఉంటుంది. బలహీనత ఏమిటంటే, శిక్షణ లేకుండా మొదలుపెడితే వారం తిరిగేసరికి రాయబారులు చిన్న పోలీసులవుతారు. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే క్లాస్ లీడర్‌కు ఈ పని ఎన్నడూ ఇవ్వకూడదు. కనీసం ఆరేడు వారాలు, వారానికొక పీరియడ్ చొప్పున వినడం, ప్రశ్న అడగడం, గుట్టు కాపాడటం, ఏది తమ తలకు మించినదో గుర్తించి టీచరుకు చెప్పడం నేర్పగలిగితేనే దీన్ని ఎంచుకోండి. ఈ జూన్‌లో మొదలుపెడితే ఫలితం దసరా సెలవుల తర్వాతే కనిపిస్తుంది. నేటి తగవుకు ఇది మందు కాదు.

వలయంగా కూర్చోవడం

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1994లో బడి తగవులకు వాడటం మొదలైన పునరుద్ధరణ సమావేశాల (శిక్ష వేయడానికి బదులు, జరిగిన నష్టాన్ని పూడ్చడానికి అందరూ కూర్చుని మాట్లాడుకునేవి) నుంచి, వాటికి తోబుట్టువులైన వలయ పద్ధతుల నుంచి ఇది వ్యాపించింది. జరిగిన దానివల్ల ఎవరికి ఏ నష్టం కలిగింది, దాన్ని పూడ్చడానికి ఎవరు ఏమి చేయాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూ అందరూ వంతులవారీగా మాట్లాడతారు. చేతిలో ఒక వస్తువు ఉన్నవారే మాట్లాడాలి. నేను డస్టర్ వాడతాను. మనవాళ్లకు దీన్ని వివరించేటప్పుడు "పంచాయితి లాంటిదే" అని చెప్పడం పొరపాటు. పంచాయితిలో పెద్దమనుషులు తప్పు ఎవరిదో తేల్చి దండుగ వేస్తారు; వలయంలో ఆ పని ఎవరూ చేయరు.

తరగతి మొత్తం రెండు ముక్కలైనప్పుడు మాత్రమే దీనికి పూనుకోవాలి, ఇద్దరి మధ్య తగవుకు వాడితే గోరుతో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టవుతుంది. ఇంకో చిక్కు చోటు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతుల వరకు ముప్పై అయిదు మందికి ఒక టీచరు ఉండాలి గానీ, నగరంలో చాలా సెక్షన్లు అంతకు మించి కిక్కిరిసి ఉంటాయి. కదలని బెంచీల గదిలో నలభై అయిదు మందికి ఒక్కో నిమిషం ఇచ్చినా పీరియడ్ చాలదు. రెండు వైపుల నుంచి నలుగురేసి పిల్లలను తీసుకుని, చెట్టు కింద చాప మీద కూర్చోబెడితే మెరుగు.

ఉమ్మడి పని

అమెరికాలోని ఓక్లహామాలో 1954లో సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ బృందం ఇరవై రెండు మంది అబ్బాయిలను వేసవి శిబిరంలో రెండు జట్లుగా విడదీసి, పోటీలు పెట్టి, వాళ్ల మధ్య వైరం పెరగడం గమనించింది. తర్వాత రెండు జట్లనూ ఒకేచోట భోజనానికి కూర్చోబెట్టి, కలిపి సినిమా చూపించినా వైరం తగ్గలేదు; భోజనాలు ఒకరి మీద ఒకరు విసురుకోవడంతో ముగిశాయి. శిబిరానికి నీళ్లు రాకుండా పోవడం, ఆగిపోయిన ట్రక్కును తాడు కట్టి లాగవలసి రావడం వంటివి, ఏ ఒక్క జట్టూ ఒంటరిగా చేయలేని పనులు వరుసగా ఎదురైనప్పుడే మెల్లమెల్లగా దూరం తగ్గింది. పిల్లల మీద అటువంటి ప్రయోగం ఈనాడు ఎవరూ అనుమతించరు, అనుమతించకూడదు కూడా. అయినా బడికి పనికివచ్చే సంగతి అందులో ఒకటుంది: పక్కపక్కన కూర్చోబెట్టడం వేరు, ఒకరి అవసరం మరొకరికి కల్పించడం వేరు.

నా తరగతిలో ఒక ఏడాది పిల్లలు వ్యాన్లవారీగా చీలిపోయారు. ఉప్పల్ వ్యాన్‌లో వచ్చేవాళ్లు ఒక పక్షం, మల్కాజిగిరి వ్యాన్‌లో వచ్చేవాళ్లు ఒక పక్షం. మొదట్లో క్రికెట్ తగవు, తర్వాత ఏ తగవో ఎవరికీ గుర్తులేదు. దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడతారు కాబట్టి, తరగతి బతుకమ్మకు గునుగు పువ్వు తెచ్చి రంగులద్దే పని ఒక వ్యాన్‌కు, తంగేడు, బంతి తెచ్చే పని రెండో వ్యాన్‌కు అప్పగించాను. గునుగు లేకుండా తంగేడు వరుస నిలబడదు, తంగేడు లేకుండా బతుకమ్మే లేదు. రంగులద్దిన గునుగు ఆరకుండానే కట్టలు కట్టి తెచ్చిన పిల్లల మీద అవతలి వ్యాన్ పిల్లలు అరిచారు. ఆ అరుపులోనే పేపర్లు పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, కాడలు సమంగా కత్తిరించుకున్నారు. తాంబాళం మీద మూడో వరుస పేర్చేసరికి ఎవరు ఏ వ్యానో చెప్పడం కష్టమైంది. అందరూ కలవలేదు, ఇద్దరు ముగ్గురు చివరిదాకా గోడకు ఆనుకుని నిలబడి చూశారు.

కాబట్టి గుంపుల మధ్య వైరానికి ఉమ్మడి పని, వలయం కంటే నాకు నమ్మకమైనది. ఇద్దరి మధ్య లోతైన గాయానికి మాత్రం ఇది చాలదు. మాట్లాడవలసిన మాటను పని కింద కప్పిపెట్టినట్టవుతుంది. పోటీ ఉన్న పనిని మాత్రం ఎన్నడూ ఎంచుకోకండి. "రెండు జట్లుగా ఏర్పడి ఎవరి చార్టు బాగుందో చూద్దాం" అంటే అది అగ్గికి ఆజ్యం.

తల్లిదండ్రులు, ఫోన్లు

పిల్లలు మూడో నాటికి కలిసి ఆడుకుంటారు. వాళ్ల తరఫున దిగిన తల్లులు, తండ్రులు ఒకే అపార్ట్‌మెంటు లిఫ్టులో మూడు నెలలు ముఖాలు తిప్పుకుని నిలబడతారు. అందువల్ల తల్లిదండ్రులకు నా మొదటి సలహా, ఆ రాత్రే అవతలి ఇంటికి ఫోన్ చేయకండి, తరగతి వాట్సాప్ గ్రూపులో రాయకండి. మీ పాప, మీ బాబు చెప్పింది పూర్తిగా వినండి, "నువ్వేం చేశావు?" అన్న ప్రశ్నను రెండో రోజుకు వాయిదా వేయండి, "నన్ను ఏం చేయమంటావు?" అని అడిగి, ఏమీ వద్దంటే రెండు రోజులు ఆగండి. బడిని కలవవలసి వస్తే నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి కాక ముందు క్లాస్ టీచరు దగ్గరికి వెళ్లండి. ఉపాధ్యాయులు ఇరువైపుల తల్లిదండ్రులను ఒకే సమయానికి పిలవడం మాత్రం, వేరే దారి లేనప్పుడు తప్ప, మానుకోవాలి.

ఫోన్ గ్రూపు నుంచి తీసేయడం ఈ తరం కటీఫ్. తీసేసినవాళ్ల చేత తిరిగి చేర్పించడం పరిష్కారం కాదు; ఆ గ్రూపు ఖాళీగా మిగులుతుంది, అర్ధగంటలో ఇంకొకటి పుడుతుంది. ఇక్కడ కూడా విడివిడిగా మాట్లాడటమే దారి. ఫోటోలను మార్చి పంపడం, బెదిరించడం వంటివి జరిగితే ఆ స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా దాచి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనో పోలీసులకో ఫిర్యాదు చేయాలి.

రాజీ కుదర్చకూడని సందర్భాలు

వేధింపు అని తేలితే పైన చెప్పిన రాయబారం, ఎదురెదురు కూర్చోబెట్టడం రెండూ వద్దు. సీబీఎస్ఈ 2015లోనే తన అనుబంధ బడులకు వేధింపుల నివారణపై మార్గదర్శకాలు పంపి, అందుకు ప్రత్యేక కమిటీ వేసుకోమని చెప్పింది; మీ బడిలో ఆ కమిటీ ఉందో లేదో అడిగి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు. సెక్షన్ మార్చవలసి వస్తే కదలవలసింది వేధించినవాళ్లు, బాధపడినవాళ్లు కాదు. లైంగికమైన తాకిడి, మాట, ఫోటో ఏదైనా ఉంటే అది పోక్సో చట్టం, 2012 పరిధిలోకి వస్తుంది. విషయం తెలిసినవారు ఫిర్యాదు చేయడం తప్పనిసరి, బడి లోపలే సర్దేయడానికి ఎవరికీ అధికారం లేదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు, నిద్ర, తిండి మానేసి చచ్చిపోతానంటున్న పిల్లల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. బడిలో కౌన్సెలర్ ఉంటే ఈ సందర్భాలలో మొదటి రోజే పిలవాలి. రికార్డు పుస్తకం తగవులకు మాత్రం కౌన్సెలర్ గదికి పంపితే, పిల్లలకు తమలో ఏదో లోపం ఉందన్న భయం పట్టుకుంటుంది.

తర్వాత చూడవలసినవి

ఏ పద్ధతి వాడినా, మూడో రోజున ఒకసారి, రెండు వారాల తర్వాత ఒకసారి గమనించాలని డైరీలో రాసుకోండి. "మాట్లాడుకుంటున్నారా?" అని అడగకండి, అవునని చెబుతారు. భోజన విరామంలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, ప్రయోగశాలలో ఎవరు ఎవరిని స్కేలు అడుగుతున్నారో, వ్యాన్‌లో కిటికీ సీటు ఎవరు ఎవరికి వదులుతున్నారో చూడండి.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయిలు మళ్లీ ఒకే బెంచీకి రాలేదు. యాస మీద నవ్వులు ఆగిపోయాయి. రెండు వారాల తర్వాత, ఎఫ్ఏ-2 మార్కులు ఇచ్చిన రోజున, నగరం అమ్మాయి తన రికార్డు పుస్తకాన్ని అడగకముందే వెనక బెంచీకి అందించింది. సోమవారం అది తిరిగి వచ్చింది. చిరిగిన అట్ట తీసేసి, కొత్త ఖాకీ కాగితం అట్ట వేసి, పేరు రాసి ఉంది.